మానకూడని గాయం – నీటి కాసుల ఆపరేషన్, పాము విషం

ఏ ఆపరేషన్ జరిగినా గాయం తొందరగా మానాలని డాక్టరు గారు చూస్తారు, ఇంట్లోవాళ్ళు మొక్కుకుంటారు. కానీ గాయం పూర్తిగా మానిపోతే ఓడిపోయే ఆపరేషన్ ఒకటుంది. అది నీటి కాసుల జబ్బుకు, అనగా గ్లకోమాకు, కంటి మీద చేసే ఆపరేషన్. ఆ గాయం మూసుకుపోకుండా ఆపటానికి శాస్త్రవేత్తలు వెతుకుతున్న దారుల్లో ఒకటి పాము విషం దగ్గరికి వెళ్తుంది.

ఈ సంచికకు సైన్సు పాఠం ఒకటి రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు మేము ఈ విషయాన్ని ఎంచుకోవటానికి రెండు కారణాలున్నాయి. పుట్టుకతో వచ్చే గ్లకోమా మన రాష్ట్రంలో చాలా దేశాలకంటే ఎక్కువ. ఇది మొదటిది. ఇక రెండవది, మలికిపురం చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్ళకు కాలువల గురించి, పాముల గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ రెండూ తెలిస్తే ఈ పాఠం సగం వచ్చేసినట్టే.

కంటిలో కాలువ, కంటిలో డ్రెయిను

మన చేలకు నీరు రావటానికి పంట కాలువ, పోవటానికి డ్రెయిను ఉంటాయి గదా. డ్రెయినులో గుర్రపుడెక్క పేరుకుంటే, పైనుంచి నీరు ఎంత సక్రమంగా వచ్చినా వరి మునుగుతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో మురుగు పోయే దారి లేకపోవటం కూడా ఒకటి.

కన్ను కూడా ఒక చిన్న చేనే. కంటి లోపల సీలియరీ బాడీ అనే భాగం నిమిషానికి సుమారు రెండున్నర మైక్రోలీటర్ల నీటిని తయారుచేస్తుంది. మైక్రోలీటరు అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు. ఇది కన్నీరు కాదు. కన్నీరు కంటి బయట తిరుగుతుంది, ఇది లోపల తిరుగుతుంది. ఈ నీరు కంటిపాప గుండా ముందుకు వచ్చి, నల్లగుడ్డు అంచున ఉన్న జల్లెడ వంటి భాగం దాటి, ష్లెమ్ కాలువ అనే సన్నని గొట్టంలో పడి, రక్తంలో కలుస్తుంది. ఆ జల్లెడ పేరు ట్రాబెక్యులార్ మెష్‌వర్క్. రాకపోకలు సమంగా ఉంటే కంటిలో ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది.

జల్లెడ మూసుకుపోతే ఒత్తిడి పెరుగుతుంది. ఆ బరువంతా కంటి వెనుక ఉన్న దృష్టి నరం మీద పడుతుంది. ఆ నరంలో పది పన్నెండు లక్షల పోగులుంటాయి. చచ్చిన పోగు మళ్ళీ బతకదు. ముందు పక్క చూపు పోతుంది, నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది. అందువల్ల చాలామందికి నొప్పీ ఉండదు, అనుమానమూ రాదు. ఒత్తిడి మామూలుగా ఉండి కూడా నరం దెబ్బతినేవాళ్ళున్నారు, కానీ ఆ సంగతి ఈ వ్యాసానికి పెద్దది.

మన ఇళ్ళలో జరిగే పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పాలి. ముసలివాళ్ళకు చూపు తగ్గితే "శుక్లం వచ్చింది, ముదిరాక తీయిద్దాం" అంటారు. శుక్లమైతే ఆలస్యమైనా ఆపరేషన్ చేసి అద్దం పెడితే చాలావరకు చూపు తిరిగి వస్తుంది. నీటి కాసులైతే ఎదురుచూసిన ప్రతి నెలా కొన్ని పోగులు పోతూనే ఉంటాయి. మా మామ్మ అలాగే రెండేళ్ళు ఎదురుచూసింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఒక కంట్లో వెలుతురు తప్ప ఏమీ తెలియటం లేదు. ఆమె ఒక్కతే కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు 1996–2000 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో కంటి జబ్బుల మీద పెద్ద సర్వే చేశారు. హైదరాబాదు నగరంలో సాధారణ రకం గ్లకోమా ఉన్నట్టు తేలినవాళ్ళలో పదింట తొమ్మిదిమందికి పైగా తమకు ఆ జబ్బు ఉందని అప్పటిదాకా తెలియదు. సుమారు సగంమందికి నరం అప్పటికే బాగా దెబ్బతింది. నగరంలోనే అలా ఉంటే లంక గ్రామాల సంగతి చెప్పేదేముంది.

పెద్ద కళ్ళ పాపాయి

ఇప్పుడు పసిపిల్లల సంగతికి వద్దాం. కొందరికి ఆ జల్లెడ పుట్టుకతోనే సరిగా ఏర్పడదు. పసివాళ్ళ కన్ను మెత్తగా ఉంటుంది కాబట్టి లోపలి ఒత్తిడికి గుడ్డు బుడగలా సాగుతుంది. కళ్ళు పెద్దవవుతాయి. మన పల్లెల్లో పెద్ద కళ్ళను చూసి "ఎంత అందమో" అని దిష్టి తీస్తారు. కానీ కళ్ళు పెద్దగా ఉండటంతో పాటు ఎప్పుడూ నీరు కారుతుంటే, వెలుతురు చూడలేక పాపాయి ముఖం తిప్పుకుంటుంటే, నల్లగుడ్డు మీద పొగమంచులా మసక ఉంటే, అది అందం కాదు, జబ్బు. ఈ గుర్తులు చదివినవాళ్ళు ఇంటికి వెళ్ళి అక్కలకూ వదినలకూ చెప్తే ఈ వ్యాసం రాసినందుకు మాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

పాశ్చాత్య దేశాల్లో సుమారు పదివేల కాన్పులకు ఒకరికి ఈ జబ్బు వస్తుందని లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 3,300 కాన్పులకు ఒకరికి వస్తుందని, పిల్లల్లో గుడ్డితనానికి కారణాల్లో ఇది 4.2 శాతమని అదే సంస్థ పరిశోధకులు 1998లో ప్రచురించారు. దీనికి ఒక ముఖ్య కారణమైన సి.వై.పి.1బి1 అనే జన్యువును 1997లో గుర్తించారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ లోపమున్న ప్రతులు వస్తేనే బిడ్డకు జబ్బు వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ చెరొక లోపపు ప్రతి మోస్తూ ఆరోగ్యంగానే ఉంటారు. అటువంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. మేనరికాల్లో ఇద్దరి దగ్గరా ఒకే తాత నుంచి వచ్చిన ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. ప్రతి కేసూ మేనరికం వల్లనే అని మేము అనటం లేదు. కానీ మేనమామ కూతురుకే ఇవ్వాలి, మేనకోడలినే చేసుకోవాలి అని ఇంట్లో పట్టుబట్టినప్పుడు ఈ లెక్క ఒకసారి పలక మీద వేసి చూపించవచ్చు. మేము మా ఇంట్లో వేసి చూపించాం. ఒప్పుకున్నారో లేదో వచ్చే సంవత్సరం సంచికలో రాస్తాం.

పసిపిల్లల గ్లకోమాకు చుక్కల మందు మీద ఆధారపడటానికి లేదు. ఆపరేషనే ముఖ్య వైద్యం. ఎల్.వి. ప్రసాద్ సంస్థలోనే పనిచేసిన డాక్టర్ అనిల్ కుమార్ మండల్ ఈ పిల్లలకు రెండు రకాల ఆపరేషన్లను కలిపి ఒకేసారి చేసే పద్ధతి మీద ఏళ్ళ తరబడి కృషి చేశారు. ఆయనకు 2003లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది. మన దేశంలో సైన్సుకిచ్చే పెద్ద బహుమతుల్లో అదొకటని జి.కె. చదివే తమ్ముళ్ళకు తెలుసు.

కొత్త బోదె తవ్వటం

డ్రెయిను పూడిపోయినప్పుడు రైతు ఏం చేస్తాడు? గట్టు తెగ్గొట్టి పక్కకు ఒక బోదె తవ్వుతాడు. 1968లో కేంబ్రిడ్జిలో జె.ఇ. కెయిర్న్స్ ప్రచురించిన ట్రాబెక్యులెక్టమీ అనే ఆపరేషన్ చేసేది ఇదే. కంటి తెల్లగుడ్డు గోడలో సగం మందాన చిన్న తలుపులాంటి ముక్కను లేపి, దాని కింద ఒక రంధ్రం చేసి, తలుపును వదులుగా కుడతారు. లోపలి నీరు ఆ తలుపు సందుల్లోంచి మెల్లగా ఊరి, పైనున్న పలుచని పొర కింద చేరుతుంది. అక్కడ చిన్న పొక్కులా ఉబ్బుతుంది. పై రెప్ప చాటున ఉంటుంది కాబట్టి చూసేవారికి కనిపించదు. అక్కడినుంచి నీరు చుట్టూ ఇంకిపోతుంది. ఒత్తిడి తగ్గుతుంది.

చిక్కు ఏమిటంటే, శరీరానికి ఇది డాక్టరు గారు కావాలని చేసిన రంధ్రమని తెలియదు. అది దానికి గాయమే. గాయమైతే పూడ్చాలి. టెనాన్ పొర అని తెల్లగుడ్డు మీద ఒక పొర ఉంటుంది. దానిలో ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలుంటాయి. ఇవి శరీరపు తాపీ మేస్త్రీలు. దెబ్బ తగిలిందని రసాయన కబురు అందగానే అక్కడికి పాకి వస్తాయి, తమ సంఖ్యను పెంచుకుంటాయి, కొల్లాజెన్ పోగులు పేరుస్తాయి, చివరికి ఆ పోగులను పట్టుకుని దగ్గరికి లాగి బిగిస్తాయి. మోకాలి మీద దెబ్బ మాని గట్టి మచ్చ పడటం కూడా ఇదే పని. మోకాలికి అది మేలు. కంటిలో అదే మచ్చ కొత్త బోదెను పూడ్చేస్తుంది. ఒత్తిడి మళ్ళీ మొదటికి వస్తుంది. పసిపిల్లల్లో టెనాన్ పొర మందంగా ఉంటుంది, గాయాలు చురుగ్గా మానతాయి. అనగా ఎవరి ముందు జీవితమంతా ఉందో వారికే ఈ ప్రమాదం ఎక్కువ.

స్పంజీ ముక్క, మూడు నిమిషాలు

దీనికి ఇప్పుడు వాడే ముఖ్యమైన మందు మైటోమైసిన్-సి. అది కూడా ప్రకృతి ఇచ్చిందే. 1950లలో జపాన్ శాస్త్రవేత్తలు మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవి నుంచి దాన్ని వేరు చేశారు. ముందు క్యాన్సరు మందుగా వాడారు. గ్లకోమా ఆపరేషన్‌లో వాడవచ్చని 1983లో తైవాన్‌లో చెన్ అనే వైద్యుడు చూపించాడు. చిన్న స్పంజీ ముక్కను మందులో తడిపి రెండు మూడు నిమిషాలు ఆపరేషన్ చోట ఉంచి, తీసేసి, నీటితో బాగా కడుగుతారు. మందు కణం లోపలి డి.ఎన్.ఎ. రెండు పోగులనూ ముడివేస్తుంది. ముడి పడిన కణం ఇక విభజన చెందదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే కావటంతో మా పేటలో ఎవరికి ఆసుపత్రి కాగితం ఇచ్చినా మా గుమ్మంలోకి వస్తుంది. కిందటేడు సెలవులకు వెళ్ళినప్పుడు వరసకు వదిన అయ్యే ఆమె చంటిబిడ్డ నెత్తుకుని వచ్చింది. బాబుకు ఎనిమిది నెలలు, కంటి ఆపరేషన్ అయ్యి మూడు వారాలైంది. కాగితంలో మైటోమైసిన్ అని ఉంది. అది క్యాన్సరు మందని ఎవరో చెప్పారట. "అబ్బాయ్, మా వాడికి కేన్సరా? నాకెవరూ చెప్పలేదేంటి?" అని ఏడుపు. అప్పటికి ఒక చెకప్‌కు వెళ్ళటం మానేసింది కూడా. క్యాన్సరు కాదు వదినా, మచ్చ కట్టకుండా మూడు నిమిషాలు అద్ది కడిగేసిన మందు అని మేము గంటసేపు బొమ్మలు గీసి చెప్పాల్సి వచ్చింది. బోదె, గుర్రపుడెక్క పోలిక అప్పుడు దొరికిందే. అప్పుడు నమ్మింది. మరునాడే బిడ్డను తీసుకుని చించినాడ వంతెన దాటి పాలకొల్లు బస్సెక్కింది.

అయితే ఆమె భయంలో కొంత న్యాయం లేకపోలేదు. మైటోమైసిన్ మంచీ చెడ్డా చూడదు. మచ్చ కట్టే కణాన్నీ ఆపుతుంది, ఆ పొరను ఆరోగ్యంగా ఉంచే కణాన్నీ ఆపుతుంది. కొందరిలో పొక్కు మీది పొర నెత్తురు నాళాలు లేక ఉల్లిపొరలా పలుచనవుతుంది. అక్కడినుంచి నీరు కారవచ్చు, ఒత్తిడి మరీ పడిపోవచ్చు, ఏళ్ళ తర్వాత కూడా సూక్ష్మక్రిములు లోపలికి పోయి కన్నంతా చెడవచ్చు. అందుకే ఆపరేషన్ అయినవాళ్ళకు ఎప్పుడైనా కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, పుసి కారితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళమంటారు.

మరి కణాన్ని చంపకుండా, దాని పనిని మాత్రమే ఆపే మందు లేదా? గాయం కబురు మోసే టి.జి.ఎఫ్-బీటా2 అనే రసాయనాన్ని అడ్డుకునే ప్రతిరక్షకం ఒకటి బ్రిటన్‌లో తయారుచేశారు. దాని మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. 2007లో ప్రచురించిన పరీక్ష ఫలితాల్లో ఉత్త మందుకూ దానికీ తేడా కనబడలేదు. కబురు తెచ్చేవాళ్ళు చాలామంది ఉంటే ఒకణ్ణి ఆపి లాభం తక్కువ అని మేము దాన్ని అర్థం చేసుకున్నాం.

దింపు తీసేవాడి పట్టు

కబురు ఆపలేకపోతే, వచ్చే మేస్త్రీ పట్టు తప్పించవచ్చు గదా. పాము విషం ఇక్కడ వస్తుంది.

మన తోటల్లో దింపు తీసేవాళ్ళను చూడండి. కాళ్ళకు బంధం వేసుకుని, చేతులతో మానును పట్టుకుని, జారకుండా పైకి పాకుతారు. పట్టు లేకపోతే ఎంత బలవంతుడైనా ఎక్కలేడు. ఫైబ్రోబ్లాస్ట్ కూడా అంతే. దాని ఒంటి మీద ఇంటెగ్రిన్లు అనే చేతులుంటాయి. గాయం చోట ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీను పోగులుంటాయి. చేతులు పోగును పట్టుకుంటేనే కణం పాకుతుంది, లాగుతుంది, బిగిస్తుంది. ఆ పోగులో చేయి పట్టుకునే చోటు ఎంతో తెలుసా? మూడే మూడు అమైనో ఆమ్లాలు. ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. ఈ మూడింటినీ శాస్త్రవేత్తలు ఆర్, జి, డి అనే అక్షరాలతో రాస్తారు. 1984లో అమెరికాలో పియర్ష్‌బాకర్, రుయోస్లాహ్టి అనే ఇద్దరు ఈ సంగతి తేల్చారు.

చిత్రమేమిటంటే, ఈ మూడక్షరాలను పాము కోట్ల సంవత్సరాల ముందే వాడుకుంది. పొలుసులు రాపాడించి రంపం కోసినట్టు చప్పుడు చేసే చిన్న పింజరి ఉంది గదా, మన తడి నేలల్లో కంటే మెట్ట ప్రాంతాల్లో ఎక్కువగా తిరిగేది, దాని విషం నుంచి 1988లో ఎకిస్టాటిన్ అనే చిన్న ప్రోటీనును వేరుచేశారు. దానిలో ఉన్నవి 49 అమైనో ఆమ్లాలే. వాటి మధ్య ఒక కొస మీద ఆర్.జి.డి. పైకి పొడుచుకుని ఉంటుంది. రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకోవటానికి చాపే చేతుల్లో ఇది ముందే దూరి కూర్చుంటుంది. చేయి నిండిపోయిందిక, ఇంకేమీ పట్టుకోలేదు. రక్తం గడ్డకట్టదు. ఇటువంటి విష ప్రోటీన్లను డిస్‌ఇంటెగ్రిన్లు అంటారు. మన చేలల్లో ఉండే రక్తపింజరి కాటుకు రక్తం ఆగకపోవటం ముఖ్యంగా వేరే దారి. అది గడ్డకట్టే పదార్థాలన్నిటినీ ముందే ఖర్చు చేయించేస్తుంది. ఆ గుణాన్నే వాడుకుని, పలుచన చేసిన రక్తపింజరి విషంతో రక్తపు లోపాలను కనిపెట్టే పరీక్ష ఒకటి పెద్ద ల్యాబుల్లో చేస్తారు.

ప్లేట్‌లెట్ చేతిని నింపే ప్రోటీను ఫైబ్రోబ్లాస్ట్ చేతిని కూడా నింపగలదు. పైగా ఇంటెగ్రిన్లలో కొన్ని, నిద్రాణంగా ఉన్న టి.జి.ఎఫ్-బీటా రకాల్లో కొన్నిటిని లాగి లేపుతాయి. ఆ పట్టు కూడా ఆర్.జి.డి. దగ్గరే. అంటే ఒకే తాళంతో రెండు తలుపులు వేసే ఆశ ఉంది. కణం చావదు, డి.ఎన్.ఎ.కు ఏమీ కాదు, పట్టు మాత్రం దొరకదు. మైటోమైసిన్‌కూ దీనికీ ఇదే తేడా. కంటిలో ఈ ఆలోచన పనిచేస్తుందా అన్నదానికి తైవాన్‌లోనే 1996లో ఒక ప్రయోగం చేశారు. అది గ్లకోమా మీద కాదు, రెటీనా మీద. కంటి లోపల మచ్చ పొర ఏర్పడి, ముడుచుకుని, రెటీనాను లాగి ఊడదీసే జబ్బును కుందేళ్ళలో పుట్టించి, పింజరి జాతి విషపు డిస్‌ఇంటెగ్రిన్లు ఇస్తే ఆ లాగుడు తగ్గింది. గ్లకోమా పొక్కును పూడ్చేది కూడా అదే రకం పాకటం, అదే రకం ముడుచుకోవటం.

ఉత్సాహం వస్తుంది గానీ అడ్డంకులు చిన్నవి కావు. ప్లేట్‌లెట్లను కూడా ఆపే మందును తాజా గాయంలో పెడితే కంటి లోపల రక్తస్రావం కావచ్చు. కాబట్టి ఫైబ్రోబ్లాస్ట్ చేతికి మాత్రమే సరిపడే ఆకారం కావాలి. చిన్న ప్రోటీను గంటల్లో కరిగిపోతుంది, మచ్చ కట్టే పని మాత్రం వారాలు, నెలలు సాగుతుంది. మెల్లగా విడుదలయ్యేలా ఏదైనా జిగురులోనో గుళికలోనో పెట్టాలి. పరాయి ప్రోటీనును శరీరం ఎదిరించవచ్చు కూడా. వాపు వస్తే మచ్చ ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. విషం నుంచి మందు అంటే కంటిలో విషం చుక్క వేయటం కాదు. బ్రెజిల్ దేశపు జరరాకా పాము విషం మీద సెర్జియో ఫెరేరా చేసిన పనికి కొనసాగింపుగా వచ్చిన బి.పి. బిళ్ళ కాప్టోప్రిల్‌లో పాము చుక్క ఒక్కటీ ఉండదు. విషపు ఆకారం చూసి కెమిస్టులు ఫ్యాక్టరీలో చేసిందే. గుండెపోటు వచ్చినవాళ్ళకు పెద్దాసుపత్రుల్లో ఎక్కించే టిరోఫిబాన్ కూడా ఎకిస్టాటిన్‌లోని ఆ మూడక్షరాల మూసను చూసి చేసినదే. నిజమైన విషం ఎక్కువగా వెళ్ళేది పాముకాటు మందు తయారీకి. చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరుల గిరిజనుల సహకార సంఘం ఆ పని చేస్తోంది. పామును పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేస్తారు. పాములు పట్టుకు బతికిన కులవిద్య ప్రయోగశాలలకు ఆధారమైంది. కాబట్టి ఎవరైనా పాము పేరు చెప్పి, పసరు పేరు చెప్పి కంటిలో ఏదైనా పోస్తామంటే పోయనివ్వకండి. డాక్టరు చీటీ లేకుండా మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని నెలల తరబడి వేసుకున్నా కంటి ఒత్తిడి పెరుగుతుంది. అవే స్టెరాయిడ్ చుక్కలు గ్లకోమా ఆపరేషన్ తర్వాత మచ్చ తగ్గించటానికి డాక్టర్లే వారాల తరబడి వేయిస్తారు, ఒత్తిడి కొలుస్తూ.

"అయితే ఈ పాము మందు ఎప్పుడొస్తుంది అన్నా?" అని ఇంటర్ చదివే తమ్ముడొకడు అడిగాడు. పాము విషం నుంచి పుట్టిన ఏ మందూ గ్లకోమా మచ్చకు ఇంకా ఆసుపత్రి వాడకంలోకి రాలేదు. ఫెరేరా జరరాకా విషంలోని గుణాన్ని 1965లో ప్రచురిస్తే కాప్టోప్రిల్‌కు అనుమతి వచ్చింది 1981లో. ఎకిస్టాటిన్ 1988లో దొరికితే టిరోఫిబాన్ వచ్చింది 1998లో. ఒకదానికి పదహారేళ్ళు, ఇంకొకదానికి పదేళ్ళు. ఈ ఏడు ఆపరేషన్ అయ్యే పసివాడికి ఉన్నవి స్పంజీ ముక్క, చుక్కల మందు, వరసగా చెకప్‌లు. మచ్చ కట్టటం మొదలైనా తొలి వారాల్లో కనిపెడితే డాక్టరు గారు ఒక కుట్టు వదులు చేసి, లేదా మచ్చ దగ్గర చిన్న ఇంజక్షన్ చేసి బోదెను మళ్ళీ తెరవగలరు. ఆ వారాలు దాటాక అదే పనికి ఇంకో ఆపరేషన్ కావాలి. మా వదిన కొడుకు మొన్న దసరాకు నడుస్తూ కనిపించాడు. ఒత్తిడి పద్నాలుగు ఉందట. తర్వాతి చెకప్ సంక్రాంతి దాటాక.